నాన్న పంపు కారదు

అక్టోబర్ 9

రెండు రోజులకని వచ్చాను. వారం దాటింది. లీడ్స్‌లో గదికి తాళం వేసి, మ్యూజియంలో సెలవు చెప్పి వచ్చాను. చరిత్ర చదువుకుని పాత నాణేలకు చీటీలు అతికించే ఉద్యోగం, నేను లేకపోయినా నాణేలు ఎక్కడికీ పోవు. వచ్చే సోమవారం వెళ్ళిపోతాను.

నాన్న షెడ్డు తలుపు తియ్యడం లేదు. కిటికీ అద్దం తుడిచి చూశాను. లేత్ మిషను మీద దుప్పటి కప్పి ఉంది. చలి జ్వరం వచ్చినవాళ్ళకు కప్పినట్టు అంచులు లోపలికి దోపి మరీ.

ఈ నెదర్టన్ చుట్టుపక్కల పాత మోటార్‌సైకిలు ఉన్నవాళ్ళెవరికైనా, ఆయిలు పంపు అరిగిపోతే మా నాన్న ఆల్బన్ ట్రోమన్స్ గుర్తొచ్చేవాడు. ఆ బళ్ళు చేసిన కంపెనీలు ఎప్పుడో మూతబడ్డాయి. పంపు కొందామంటే దొరకదు. అరిగినదాన్ని ముందు పెట్టుకుని కొత్తది చెయ్యాలి. ఇత్తడి దిమ్మె తొలిచి, అందులో సరిగ్గా కూర్చునేలా పళ్ళచక్రాలు కోసి, పై మూతను గాజుపలక మీద చదునయ్యేదాకా రుద్దాలి. అయ్యాక చూస్తే అరచేతిలో ఇమిడిపోతుంది. అది ఆయిలు తోడి పంపకపోతే ఇంజన్ లోపల ఇనుముకు ఇనుము అతుక్కుపోతుంది.

ఇప్పుడు ఎవరూ రావడం లేదు. వచ్చినా, ఇచ్చిన పంపు వెనక్కి పట్టుకుపోవడానికే. "తొందరేం లేదులే ఆల్బన్, మళ్ళీ చూద్దాం" అంటారు. కాగితంలో చుట్టి ఇచ్చేది నాన్నే.

జూన్‌లో, కాలువ వంతెన దిగిన మలుపులో, అన్న కిట్ నడుపుతున్న టార్న్‌వెల్ బండి ఇంజన్ బిగుసుకుపోయింది. వెనక చక్రం ఆగిపోయింది. వాడు రాతిగోడకు కొట్టుకున్నాడు. నాన్న తన బండి మీద వెనకే ఉన్నాడు. మరణ విచారణ రోజున, అధికారి ప్రశ్న పూర్తికాకముందే నాన్న లేచాడు. "ఆ పంపు నేను చేసిందండీ. అదే తిరగకుండా పట్టేసింది. మావాడి తప్పేం లేదు."

పాత బండి ఉన్న ప్రతి ఊరికీ ఆ మాట చేరిపోయింది.

అక్టోబర్ 10

టోస్టు మాడింది. ఇద్దరం తిన్నాం.

అక్టోబర్ 15

గ్రిగ్ అంకుల్ వచ్చాడు. పాత బళ్ళ క్లబ్బుకు కార్యదర్శి, నాన్నకు చిన్నప్పటి స్నేహితుడు. మా వంటింట్లో కుర్చీ అడగకుండా లాక్కుని కూర్చోగలిగిన మనిషి ఈయనొక్కడే మిగిలాడు.

"ఏమ్మా హెస్, ఇంకా ఇక్కడే ఉన్నావా? సోమవారం వెళ్తానన్నావట?"

"వచ్చే సోమవారం అంకుల్."

"ఏ ఏడాదిదో కాస్త చెప్తే, స్టేషన్‌కి కారు తెస్తా."

నాన్న టీ పోసిచ్చాడు. అంకుల్ కప్పులోకి తొంగి చూశాడు. "ఇదేంట్రా, నా బండిలోంచి దింపిన ఆయిలు ఇంతకంటే పలచగా ఉంటుంది."

నాన్న నవ్వలేదు. అంకుల్ కాసేపు గుటకలు వేసి, అసలు మాటకు వచ్చాడు. "ఆల్బన్, నీ మీద ఏ నింద వేసినా నమ్ముతా. పిసినారివి, మొండివాడివి. కానీ నీ పంపు పట్టేసిందంటే మాత్రం నమ్మను."

"నువ్వు నమ్మకపోతే ఏం? నేను చెప్పాను కదా."

"చెప్పావులే. విప్పి చూశావా?"

నాన్న కడిగిన కప్పునే మళ్ళీ కడగడం మొదలుపెట్టాడు.

బయటికి సాగనంపుతూ, బండి ఎక్కడుందని అడిగాను. పోలీసులు తిరిగిచ్చేసిన కిట్ బండి ఇప్పుడు అంకుల్ గ్యారేజీలో ఉంది. నాన్న ఇంటికి తేవద్దన్నాడట. పంపు దానికే ఉంది. విప్పుతాను అన్నాను.

"నీకు స్పానర్ ఏ వైపు పట్టుకోవాలో తెలుసా?"

"పన్నెండేళ్ళొచ్చేదాకా ఆ షెడ్డులోనే పెరిగాను అంకుల్."

"ఆ తర్వాతే కదా నిన్ను పుస్తకాలు పాడుచేశాయి" అన్నాడు. కానీ సరేనన్నాడు.

ఈ పని అయ్యాక వెళ్తాను.

అక్టోబర్ 20

కిట్ బండి మీద అంకుల్ పాత కర్టెన్ కప్పి ఉంచాడు. "నేను సరిగా చూడలేదమ్మా. చూడబుద్ధి కాలేదు. నువ్వే చూసుకో" అని టీ పెట్టే నెపంతో లోపలికి వెళ్ళిపోయాడు.

ముందు చక్రం మెలి తిరిగింది. హెడ్‌లైటు లేదు. సీటు మాత్రం చెక్కు చెదరలేదు, దాన్ని చూడలేకపోయాను. ఆయిలు ట్యాంకు నుంచి పంపుకు వచ్చే గొట్టం లేదు. ప్రమాదంలో ఊడిపోయిందని నాన్న పోలీసులకు చెప్పాడట. ట్యాంకు కింద ఫ్రేముకు చిన్న రేకు క్లిప్పు బిగించి ఉంది. దేనికో తెలియలేదు. పాత బండి మీద అదొక్కటే కొత్తగా మెరుస్తోంది.

పంపు చేతిలోకి రాగానే ఇరుసును వేళ్ళతో తిప్పాను. తిరిగింది. ఎక్కడా పట్టకుండా, వెన్నలో తిరిగినట్టు తిరిగింది.

అక్టోబర్ 26

ఈ రోజు నేను చాలా సంతోషంగా ఉన్నాను. రాసి పెట్టుకుంటున్నాను, జూన్ తర్వాత ఈ మాట రాయడం ఇదే మొదటిసారి.

పంపును బల్లకు బిగించి, పైన ఆయిలు డబ్బా వేలాడదీసి, డ్రిల్లుతో తిప్పాం. ఆయిలు ధార గ్యారేజీ అవతలి గోడను కొట్టింది. అంకుల్ భార్య ఆరేసిన టేబుల్‌క్లాత్ పాడైంది.

"చూశావా, చూశావా!" అంకుల్ నా భుజం పట్టుకుని ఊపేశాడు. "ఇది పట్టేసిందట. ఈ ముసలాడు బెంగతో తన మీదే వేసుకున్నాడు. డిసెంబర్‌లో క్లబ్బు డిన్నర్‌లో అందరి ముందూ నువ్వు చెప్పు. నేను లేపుతా నిన్ను. నాలుగు మాటలు చాలు. మరుసటి రోజు మీ షెడ్డు ముందు క్యూ కడతారు."

అప్పుడు లేత్ మీద దుప్పటి తీస్తాడు. నాకు అది చాలు. ఇంటికెళ్ళి నాన్నను చూస్తూ కూర్చున్నాను, జేబులో మిఠాయి దాచుకున్న పిల్లలా.

మరి ఇంజన్ ఎందుకు బిగుసుకుంది? గొట్టం ముందే ఊడి ఉంటుంది. అంతే అయి ఉంటుంది.

నవంబర్ 2

అంకుల్ దంపతులు డెవన్‌లో కూతురింటికి వెళ్ళారు. పిల్లికి తిండి పెట్టమని తాళాలు నాకిచ్చారు. నిన్న మళ్ళీ ఒకసారి పంపు తిప్పి చూసుకున్నాను. ఊరికే, ధార చూద్దామని. డబ్బా దించకుండా వచ్చేశాను.

ఈ పొద్దున వెళ్తే పంపు కింద పెట్టిన సాసర్ నిండి బల్ల మీదికి పారింది.

ఆయిలు మరీ పలచనది.

నవంబర్ 3

చిక్కటి ఆయిలు పోశాను. సాసర్ నిండింది. గ్యారేజీలో ఉష్ణోగ్రత సరిగా లేదు.

నవంబర్ 4

పిల్లి తగిలి ఉంటుంది.

నవంబర్ 5

పిల్లిని బయట పెట్టి తలుపు వేశాను. ఏటా ఈ రోజు వచ్చే మంటల పండుగ. సాయంత్రం వీధంతా టపాకాయలు, పెద్ద మంటలు. మంట చుట్టూ పిల్లలు. నాన్న కర్టెన్లు వేసుకుని కూర్చున్నాడు.

నిండింది.

నవంబర్ 7

పాత పంపులన్నీ కొద్దిగా కారతాయి. బండి నిలబెట్టినప్పుడు ట్యాంకులోని ఆయిలు మెల్లగా పంపు సందుల్లోంచి జారి ఇంజన్ అడుక్కి చేరుతుంది. మర్నాడు స్టార్ట్ చేస్తే వీధి నిండా నీలం పొగ. అది పడలేక చాలామంది గొట్టం మధ్యలో చిన్న ట్యాపు పెట్టుకుంటారు. రాత్రి కట్టెయ్యాలి, పొద్దున స్టార్ట్ చేసే ముందు తిప్పి తెరవాలి. మర్చిపోతే ఇంజన్‌కు చుక్క ఆయిలు అందదు.

నాన్న పంపుకు ట్యాపు అక్కర్లేదు. అదే ఆయన గొప్ప. క్లబ్బులో ఎవరి బండికైనా ట్యాపు కనిపిస్తే, "ఇదేంటి, వంటింటి కుళాయా?" అనేవాడు. "నా పంపు పెట్టుకున్నవాడు ట్యాపు పెట్టుకుంటే, నా ముఖం మీద ఊసినట్టే" అనేవాడు. కిట్, నేను ఆ మాట వింటూ పెరిగాం. భోజనాల బల్ల దగ్గర గొంతు మార్చి అనుకరించేవాళ్ళం కూడా.

నాన్న పంపు కారదు.

నవంబర్ 11

అంకుల్ వచ్చేశాడు. తాళాలిస్తూ మామూలుగా అడిగినట్టే అడిగాను. "కిట్ బండి పొగ వదిలేదా అంకుల్?"

"ఏప్రిల్‌లో వదిలేది. మా వీధిలోకి వస్తే మా ఆవిడ కిటికీలు మూసుకునేది. ఆటపట్టిస్తే, 'నాన్నతో అనకండి అంకుల్' అన్నాడు. తర్వాత పోయిందిలే. ఏదో సర్దుకుని ఉంటాడు. ఎందుకూ?"

"ఊరికే."

రాయను.

నవంబర్ 12

ట్యాంకు కింద మెరిసిన ఆ క్లిప్పు ట్యాపుది. రాశాను.

నవంబర్ 17

ఆదివారం. కాలువ గట్టున నడుద్దాం రమ్మన్నాను. ఎందుకో వెంటనే కోటు వేసుకున్నాడు. నీళ్ళ మీద ఆకులు, ఎక్కడికీ పోకుండా. కొంతదూరం బాతుల గురించి మాట్లాడుకున్నాం.

"నాన్నా, ఆ గొట్టం ఏమైంది?"

నడక ఆగలేదు. "ఏ గొట్టం?"

"ట్యాపున్న గొట్టం."

నడక ఆగింది. నీళ్ళకేసి చూశాడు. "నీ గోళ్ళలో ఆయిలు చూసి పది రోజుల కిందే అనుకున్నాను" అన్నాడు. తర్వాత గడ్డంతో వంతెన వైపు చూపించాడు. "అక్కడ. కోసి పారేశాను. అంబులెన్సు వచ్చేలోపు."

"ట్యాపు మూసి ఉందా?"

"మూసే ఉంది."

"అంటే కిట్ తిప్పడం మర్చిపోయాడు. నీ పంపు ఏ తప్పూ చెయ్యలేదు. మరి నువ్వెందుకు నాన్నా..."

"మర్చిపోలేదు హెస్." గొంతు మామూలుగానే ఉంది. "ఆ పొద్దున వాడి పక్కనే నిలబడ్డాను. గ్లోవ్స్ ఏవిరా, మెడకు ఏదైనా చుట్టుకో అంటూ. వాడు ట్యాంకు కిందికి వంగబోయాడు. ఏంట్రా వెతుకుతున్నావ్ అన్నాను. 'ఏం లేదు నాన్నా, బూటు లేసు' అన్నాడు. లేచాడు. ఇంకోసారి వంగబోయాడు. నేను అక్కడే ఉన్నాను. వాడివి జిప్పు బూట్లు."

నేను నా బూటు లేసుల వంక చూసుకున్నాను.

"దార్లో ఎక్కడైనా ఆగి తిప్పుదామనుకుని ఉంటాడు. వాడు ఆగితే నేనూ ఆగుతాను కదా, వెనకే వస్తున్నాను. గొట్టంలో మిగిలిన ఆయిలుతో ఈ వంతెన దాకా వచ్చాడు."

పడవ ఒకటి వెళ్ళింది. అందులో మనిషి చెయ్యి ఊపాడు. నాన్న కూడా ఊపాడు.

"నా వేళ్ళకు తెలియడం లేదు. రెండేళ్ళుగా. మూత చదునైందో లేదో ఇదివరకు వేలు పెడితే చెప్పేది. ఇప్పుడు చెప్పడం లేదు. వాడు కనిపెట్టాడు. నాకు చెప్పలేక ట్యాపు పెట్టుకున్నాడు. పంపు వల్లే పోయాడని చెప్పాను. అందులో అబద్ధమేముంది?"

"పట్టేసిందన్నావు. కారిందని చెప్పొచ్చు కదా?"

"కారితే ఇంజన్ బిగుసుకోదు. అది వాళ్ళందరికీ తెలుసు. ట్యాపు ఉందా అనే అడుగుతారు. వాడి పేరు చెప్పుకుని నవ్వుతారు."

"చచ్చిపోయినవాణ్ణి చూసి ఎవరు నవ్వుతారు నాన్నా?"

"డిన్నర్‌కి వస్తున్నావుగా" అన్నాడు. "చూడు."

నవంబర్ 18

సోమవారం. లీడ్స్‌కు ఫోన్ చేసి ఆరోగ్యం బాగాలేదని చెప్పాను.

నవంబర్ 30

పంపు బాగుందంటే నాన్న పేరు నిలబడుతుంది. పంపు బాగుందంటే తర్వాతి ప్రశ్న ఒక్కటే, ట్యాపు ఉందా అని. దాన్ని ఎటు తిప్పి రాసుకున్నా అంతే. ఏం చెప్పాలో అంకుల్ ఇప్పటికే రెండుసార్లు నేర్పించాడు.

డిసెంబర్ 8

నిన్నటి డిన్నర్. పబ్బు మేడ మీద హాలు. గోడల నిండా పాత బళ్ళ ఫోటోలు, బల్లల నిండా పాత మనుషులు. మమ్మల్ని చూసి మాటలు తగ్గాయి, మళ్ళీ మర్యాదగా పెరిగాయి. నాన్న పక్క కుర్చీ కాసేపు ఖాళీగానే ఉంది. చివరికి ఆలస్యంగా వచ్చిన ఒకాయన వేరే చోటు లేక కూర్చున్నాడు.

వేయించిన మాంసం, బంగాళాదుంపలు, గ్రేవీ. పుడ్డింగు కాగానే అంకుల్ లేచి గంట కొట్టాడు. వెంటనే హాలంతా బల్లలు చరచడం మొదలుపెట్టింది. అంకుల్ బల్ల కింద నుంచి మోచెయ్యంత పొడవున్న కర్ర కుళాయి తీశాడు. కొయ్యతో చెక్కింది, మెడలో వేసుకోవడానికి తాడు. దాని చుట్టూ కాల్చి రాసిన పేర్లు.

ఈ సంగతి నాకు తెలియదు. ఇంతకుముందు ఎప్పుడూ రాలేదు.

ఆ ఏడాది ట్యాపు తిప్పడం మర్చిపోయి ఇంజన్ చెడగొట్టుకున్నవాడికి అది బహుమానం. ఈసారి బార్నబీ అని, రిటైరైన పోస్టుమాస్టరు. మోకాళ్ళ మీద కూర్చోబెట్టి మెడలో వేశారు.

"తిప్పావా?" అని హాలంతా అరిచింది.

"మర్చిపోయా!" అని ఆయన అరవాలి. అరిచాడు.

"మీ ఆవిణ్ణి కూడా ఇలాగే ఎక్కడో మర్చిపోయావంటగా!" వెనక బల్ల నుంచి ఎవరో అన్నారు. ఆవిడ అక్కడే ఉంది, అందరికంటే గట్టిగా నవ్వింది.

తర్వాత దాన్ని వెనక్కి తీసుకుని, కర్ర మీద ఉన్న పేర్లన్నీ అంకుల్ వరసగా చదివాడు. ప్రతి పేరుకూ "మర్చిపోయా!" అని హాలు జవాబిచ్చింది. అందులో కొందరు పోయినవాళ్ళు. వాళ్ళ పేర్లకు ఇంకాస్త ఎక్కువ నవ్వారు. ప్రేమగానే నవ్వారు. అదే భరించలేకపోయాను. కిట్ పేరు వస్తే కూడా వీళ్ళు ప్రేమగానే నవ్వుతారు, ఏటేటా, పుడ్డింగు తర్వాత.

నాన్న చప్పట్లు కొడుతున్నాడు. అందరితో పాటు, సమంగా.

అంకుల్ చెయ్యెత్తి శబ్దం ఆపాడు. "ఇప్పుడు మన ఆల్బన్ కూతురు హెస్టర్ ఒక మాట చెప్తుంది. చెవులు రిక్కించి వినండి. మీలో కొందరు సిగ్గుపడాల్సి ఉంటుంది."

లేచాను. నాన్న తలెత్తలేదు. బల్ల మీద చెంచాను సరిచేస్తున్నాడు, అది ముందే సరిగా ఉంది.

"కిట్ బండి పంపు విప్పి చూశాను" అన్నాను. "చక్రాల పళ్ళు లోపల పట్టేసి ఉన్నాయి. మా నాన్న చెప్పిందే నిజం. కిట్ చెయ్యాల్సిందంతా చేశాడు. పువ్వులు పంపినందుకు అందరికీ థాంక్స్."

కూర్చున్నాను. ఆల్బన్ ట్రోమన్స్ పేరు మీద చివరి పార మట్టి నేనే వేశాను. అంకుల్ గంట చేత్తో పట్టుకుని అలాగే నిలబడి నా వంక చూశాడు. గ్యారేజీ గోడను ధార కొట్టినప్పుడు ఈయన నా పక్కనే ఉన్నాడు. నా వంక చూశాడు, తర్వాత తన రెండో చేతిలో ఉన్న కర్ర కుళాయి వంక చూశాడు. దాన్ని మెల్లగా బల్ల కింద పెట్టేశాడు.

"కిట్‌కి" అని గ్లాసు ఎత్తాడు. అందరూ లేచారు.

డిసెంబర్ 9

అంకుల్ గుమ్మం దగ్గరే నిలబడి పంపు నా చేతిలో పెట్టాడు. "వయసు మీద పడిందమ్మా" అన్నాడు. "ఏం చూశానో ఏంటో, ఒక్కటీ గుర్తుండడం లేదు."

డిసెంబర్ 16

వేల్స్ సరిహద్దు అవతల నుంచి ఒకావిడ వచ్చింది. గ్వెన్లియన్ అట. వాళ్ళ నాన్న నడిపిన బండి పంపు, పిల్లల చాక్లెట్ డబ్బాలో పెట్టుకుని తెచ్చింది.

నాన్న గుమ్మంలోనే చేతులు అడ్డంగా ఊపాడు. "నేను మానేశానమ్మా. మీరు వినలేదేమో, నా పంపు వల్ల..."

"విన్నానండీ. అందుకే వచ్చాను. తప్పు నాదేనని లేచి చెప్పిన మనిషి నాకు ఈ పనిలో ఇంకొకరు దొరకలేదు."

నాన్న ఆవిడ ముఖం చూడలేకపోయాడు. నేనే డబ్బా అందుకున్నాను.

డిసెంబర్ 19

లేత్ మీది దుప్పటి నేను తీశాను. మడతపెట్టింది నాన్న.

డిసెంబర్ 23

చక్రాలు కోసింది ఆయన. కొలతలు చదివింది నేను. ఈ పనిలో ఆయన అరిచే తిట్లు వేరే ఉంటాయని మర్చిపోయాను. "ఆ యూనివర్సిటీలో కొలత గీత చూడ్డం కూడా నేర్పలేదా?" అన్నాడు. ఎంత హాయిగా ఉందో.

మూత మాత్రం తనే రుద్దాడు. గాజుపలక మీద ఎనిమిది అంకెలా, కళ్ళు మూసుకుని. వేలితో తడిమాడు. మళ్ళీ తడిమాడు. "అయింది" అన్నాడు, అడిగినట్టు.

డిసెంబర్ 29

నిన్న పంపును బల్లకు బిగించి, పైన ఆయిలు పెట్టి, కింద తెల్ల కాగితం పరిచాం. ఈ పొద్దున నేను ముందు వెళ్ళాను. నాన్న వెనకే చెప్పుల చప్పుడు.

కాగితం మీద మరక ఉంది. బఠాణీ గింజంత. షెడ్డులో వెలుతురు తక్కువ, నాన్న కళ్ళద్దాలు వంటింట్లో ఉన్నాయి.

"కారిందా?" అన్నాడు తలుపు దగ్గర నుంచి.

లేదు నాన్నా అనే మాట నాలిక చివరిదాకా వచ్చింది. ఎంత తేలికైన మాట. ఎంత మంచి మాట. ఏప్రిల్‌లో కిట్ నోట్లో అది ఎంత తియ్యగా ఉండి ఉంటుందో తెలిసింది.

"కారింది" అన్నాను.

వెనక్కి తిరిగి చూడలేదు నేను.

"ఎంత?"

"బఠాణీ గింజంత."

"అయితే విప్పు" అన్నాడు. "ఈసారి నువ్వు రుద్దు. నా వేళ్ళు చెప్పవు."

మరలు విప్పి, మూతను పలక మీద పెట్టాను. నాన్న వచ్చి పక్కనే నిలబడ్డాడు. నాకు మరీ దగ్గరగా, ఊపిరి వినిపించేంత దగ్గరగా. మూత మీద నా చెయ్యి కదల్లేదు. ఆయనకే ఏదో గుర్తొచ్చినట్టుంది. రెండడుగులు వెనక్కి వేశాడు. తర్వాత గోడకేసి తిరిగి, నేను చాలు అనేదాకా అలాగే నిలబడ్డాడు.